హోటలు అమ్మినా తెగని హామీ

ఈమధ్య మా కడపలో కూడా పెద్ద కంపెనీల పేర్లతో చికెన్ షాపులు, బర్గర్ షాపులు వెలుస్తున్నాయి. సౌదీలో నేను అలాంటి హోటల్లో లెక్కలు చూశానని తెలిసి కుర్రవాళ్లు కొందరు సలహాకు వస్తుంటారు. నడుస్తున్న షాపు చవగ్గా వస్తోంది, కొనమంటారా అని కొందరు. ఇక మావల్ల కాదు, అమ్మేసి బయటపడదామనుకుంటున్నాం అని కొందరు. కొనేవాళ్లకు నేను పెద్దగా చెప్పేదేమీ ఉండదు, వాళ్లు ఎలాగూ వినరు. అమ్మేవాళ్లను మాత్రం కూర్చోబెట్టి, టీ ఇప్పించి, తాయిఫ్‌లో మా యజమాని సంగతి చెబుతాను. మీకూ అదే చెబుతున్నాను. ఇందులో నవ్వుకునేది తక్కువ.

తాయిఫ్ కొండమీది ఊరు. కింద జెద్దా ఉడికిపోతున్న నెలల్లో కుటుంబాలన్నీ చల్లగాలి కోసం పైకి వస్తాయి. ఘాట్ రోడ్డు ఎక్కి ఊళ్లోకి తిరిగే మలుపులో మా హోటలు ఉండేది. బోర్డు మీద పేరు కంపెనీది, రంగులు కంపెనీవి, చికెన్‌కు పట్టించే మసాలా పొట్లం కూడా కంపెనీదే. స్థలం అద్దెది. పెట్టుబడి మాత్రం మా యజమానిది. అమ్మకంలో ఇంత భాగమని కంపెనీకి నెలనెలా రాయల్టీ కట్టాలి, ప్రకటనల ఖర్చుకు ఇంకొంత.

ఆయన బడిపంతులుగా చేసి రిటైరైన సౌదీ మనిషి. మేమంతా ఉస్తాద్ అనేవాళ్లం. పంతులు అలవాట్లు పోలేదు. పొద్దున్నే మమ్మల్ని వరసగా నిలబెట్టి చేతులు చాపమని గోళ్లు చూసేవాడు. గోళ్లు పెరిగినవాడికి జేబులోంచి గోళ్ల కత్తెర తీసి ఇచ్చేవాడు. తిట్టేవాడు కాదు. నెల తిరిగేసరికి జీతం చేతిలో పెట్టేవాడు. గల్ఫ్‌లో పనిచేసినవాళ్లకు ఈ ఒక్క మాట చాలు, ఆయన ఎలాంటివాడో అర్థమవుతుంది.

వంటగదిలో పెద్ద మా వైపు మనిషే. రాయచోటి ఆయన, భాయ్ అని పిలిచేవాణ్ణి. హోటలు తెరిచిన మొదటిరోజు నుంచీ ఉన్నాడు. "నేను వంటోణ్ణి కాదు సార్, పొట్లాలు చించేవాణ్ణి" అని తనను తానే ఎగతాళి చేసుకునేవాడు. నూనె ఎప్పుడు మార్చాలో, ముక్క ఎప్పుడు తీయాలో ఆయన చూసుకునేవాడు కాబట్టే అమ్మకాలు నిలబడ్డాయి. రూములో మాకోసం సంగటి కెలికిన రోజున మాత్రం ఎగతాళి మానేసి, తిన్నవాళ్ల ముఖాలే చూస్తూ కూర్చునేవాడు.

కరోనాకు హోటలు మూతబడి మళ్లీ తెరిచాక పాత ఊపు రాలేదు. ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లు వచ్చాయి, వాటి కమీషను వచ్చింది. అద్దె తగ్గలేదు, రాయల్టీ తగ్గలేదు. ఉస్తాద్ భార్యకు గుండె కవాటం చెడిందని డాక్టర్లు చెప్పారు. ఇద్దరు కొడుకులూ రియాద్‌లో ప్రభుత్వ ఉద్యోగులు. హోటలు మాకొద్దన్నారు. అప్పుడాయన అమ్మేద్దామనుకున్నాడు.

కొనడానికి జెద్దా నుంచి ఒక షావుకారు వచ్చాడు. అప్పటికే నాలుగైదు హోటళ్లున్న మనిషి, మాట మెత్తన. ఉస్తాద్ ఇంటికి వెళ్లి కాఫీ తాగి, ఖర్జూరం తిని, "మీ పేరు చెడకుండా నడుపుతాను" అన్నాడు. ఉస్తాద్ ఆ మాటను నాకు రెండు మూడుసార్లు చెప్పాడు.

కంపెనీ పేరుతో నడిచే హోటలు అమ్మడమంటే తాళాలిచ్చి డబ్బు తీసుకోవడం కాదని నాకప్పుడే తెలిసింది. ముందు కంపెనీ ఒప్పుకోవాలి. ఒప్పుకోవాలంటే రాయల్టీ బకాయిలన్నీ కట్టాలి, బదిలీ రుసుము కట్టాలి, కంపెనీ కొత్త నమూనా ప్రకారం హోటలు బాగుచేయించి ఇవ్వాలి. పన్నులు, లైసెన్సులు బాకీ లేకుండా చూపాలి. ఇవన్నీ అమ్మేవాడి నెత్తిన పడేవే. అమ్మిన ధరలో ఎక్కువభాగం వీటికే పోతోందని తేలినప్పుడు ఉస్తాద్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "అంటే నా హోటలు అమ్ముకోవడానికి నేనే డబ్బిస్తున్నానన్నమాట" అన్నాడు.

అన్నిటికంటే పెద్దది హామీ. ఒప్పందం రాసిన రోజున ఆయన కంపెనీకీ, స్థలం యజమానికీ సొంత పూచీ ఇచ్చాడు. గడువు తీరేలోగా హోటలు బాకీ పడితే దాన్ని తాను కడతానని. మేం ఆయన్ని కఫీల్ అనేవాళ్లం, అక్కడ ఉండడానికిచ్చే మా అనుమతి కార్డులు, ఇకామాలు, ఆయన పేరు మీద ఉండేవి కాబట్టి. అరబ్బీలో అప్పుకు పూచీ పడినవాణ్ణి కూడా కఫీల్ అనే అంటారు. మాకు కఫీల్, మా హోటలుకూ కఫీల్.

కంపెనీ జెద్దా ఆఫీసులో ఒక సౌదీ అమ్మాయి ఈ బదిలీలు చూసేది. ఉస్తాద్, నేను వెళ్లి కూర్చున్నాం. ఆమె దాపరికం లేకుండా చెప్పింది.

"హోటలు ఆయన పేరుకు మారుతుంది. మీ పూచీ మారదు. ఆయన బ్యాంకు హామీ తెచ్చి మా దగ్గర పెడితే మిమ్మల్ని విడుదల చేస్తూ మేం రాసిస్తాం. స్థలం యజమాని దగ్గర కూడా అలాగే రాయించుకోండి. అవి చేతికొచ్చాకే తాళాలివ్వండి ఉస్తాద్."

"తెస్తానన్నాడు" అన్నాడాయన.

"తెచ్చాక ఇవ్వండి."

బయటికొచ్చాక కారులో నేనూ అదే మాటన్నాను. ఆయన, "నా ఇంట్లో కూర్చుని మాటిచ్చాడు. నమ్మకం లేదని ముఖం మీద చెప్పమంటావా?" అన్నాడు. ఆయన కంగారు నాకు తెలుసు. అద్దె కట్టాల్సిన గడువు దగ్గరపడుతోంది. మా ఇకామాలు కొత్తవి చేయించాలి. ఇంట్లో ఆమె నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతోంది. బ్యాంకు హామీకి కొన్ని నెలలు పడుతుందని షావుకారు అంటున్నాడు. ముందు హోటలు అప్పగించండి, కాగితం వెనకాలే వస్తుందని.

ఈలోపు మా సంగతి వచ్చింది. ఇన్నేళ్ల సర్వీసుకు చివర్లో రావలసిన డబ్బు ఎవరివ్వాలి? పాత సర్వీసు తన లెక్కల్లోకి రాకూడదన్నాడు షావుకారు. మాకు ముట్టాల్సిందంతా ముట్టిందని ముందు సంతకాలు పెడితే, తన దగ్గర కొత్తగా చేర్చుకుంటాడట. డబ్బు తర్వాత నిదానంగా సర్దుతాడట. ఆ కాగితాలు తీసుకుని ఒక పొద్దున అతని మేనేజరు వచ్చాడు, ఈజిప్టు మనిషి. హోటలు ఇంకా తెరవలేదు. అందరం కుర్చీలు దించకుండానే నిలబడ్డాం. ఉస్తాద్ ఒక మూల కూర్చుని ఉన్నాడు.

భాయ్ కాగితం నా చేతికిచ్చాడు. "ఇందులో ఏమి రాసుండాది సార్?"

"నీకు రావాల్సిందంతా వచ్చేసిందని."

"వచ్చినాదా?"

"రాలే."

భాయ్ కాగితాన్ని బల్లమీద పెట్టి, మేనేజరుకు అర్థమయ్యేలా అరబ్బీలో, "డబ్బు తర్వాత అంటే సంతకం కూడా తర్వాతే" అన్నాడు. పక్కన పాకిస్తానీ డ్రైవరు, బంగ్లాదేశ్ కుర్రాళ్లు, నేపాలీ క్యాషియరు ఒక్కొక్కరే కాగితాలు దానిమీదే పెట్టేశారు. నేనూ పెట్టాను.

మేనేజరు ఉస్తాద్ వైపు తిరిగి, వీళ్లు సంతకం పెట్టకపోతే అమ్మకం ఆగిపోతుందన్నాడు. ఉస్తాద్ మమ్మల్ని కోప్పడతాడనుకున్నాను. ఆయన లేచి వచ్చి భాయ్ ముందు నిలబడ్డాడు.

"నేను చెబితే పెడతావా?"

భాయ్ తల వంచుకున్నాడు. "మీరు చెప్తే పెడతాను ఉస్తాద్. కానీ మీరు చెప్పొద్దండి."

ఉస్తాద్ చెప్పలేదు. ఊరి బయట ఆయనకు తండ్రి ఇచ్చిన దానిమ్మ తోట ఒకటుండేది. దాన్ని అమ్మేశాడు. తొందరలో అమ్మినదానికి వచ్చే ధరే వచ్చింది. మా అందరికీ లెక్కకట్టి ఇచ్చాడు, ఎవరికీ తక్కువ చేయలేదు. అప్పుడు సంతకాలు పెట్టాం. మరుసటి వారం ఆయన కూడా పెట్టాడు, బ్యాంకు హామీ లేకుండానే. తాళాలగుత్తి షావుకారు చేతికిచ్చి, అలవాటుగా అతని చేతివేళ్ల వైపు చూశాడు. గోళ్లు శుభ్రంగానే ఉన్నాయి.

భాయ్ ఆ డబ్బుతో ఊరికి వచ్చేశాడు. నేను కొత్త యజమాని కింద ఉండిపోయాను. కొన్ని నెలలు బాగానే నడిచింది. తర్వాత రాయల్టీ కట్టమని నాకు చెప్పడం ఆపేశాడు. అడిగితే "నేను చూసుకుంటాను" అనేవాడు. తర్వాత అద్దె. నేను ఉస్తాద్ ఇంటికి వెళ్లి చెప్పాను. ఆయన నా ఎదుటే ఫోన్ చేశాడు. అటునుంచి మెత్తటి మాట వినబడుతూనే ఉంది. ఫోన్ పెట్టేసి, "వచ్చే నెల సర్దేస్తాడట" అన్నాడు. ఆ వచ్చే నెలకు సర్దింది నన్ను. లెక్కలు నా చేతిలోంచి తీసేసి స్టోరుకు పంపారు. కోర్టు నుంచి ఉస్తాద్‌కు నోటీసు వచ్చింది. ఆయన దాన్ని షావుకారుకు పంపితే, కట్టేశాను, పట్టించుకోకండి అని జవాబొచ్చింది. ఆయన పట్టించుకోలేదు. జీవితమంతా పిల్లలు చెప్పే సాకుల్లో ఏది అబద్ధమో ముఖం చూసి పట్టేసిన మనిషి, పెద్దవాడి ముఖంలో పట్టలేకపోయాడు.

ఆ ఏడాదే నేను ఉద్యోగం చాలించుకున్నాను. వయసు మీదపడింది, స్టోరులో మూటలు లెక్కపెట్టే ఓపిక లేదు. అప్పటికి ఉస్తాద్ భార్యకు ఆపరేషన్ తప్పదన్నారు. వాళ్ల బంధువు ఒకావిడ హైదరాబాద్‌లో చేయించుకుని నడుచుకుంటూ తిరిగొచ్చిందట. ఆమెకు అక్కడే నమ్మకం కుదిరింది. నేను ఊరికి వెళ్లేరోజుకే వాళ్లకూ టిక్కెట్లు తీసుకున్నారు. ఉస్తాద్, ఆమె, చిన్నకొడుకు. ఆస్పత్రి దగ్గర ఆడమనిషి తోడు కావాలని నేను భాయ్‌కి ఫోన్ చేస్తే, "నా భార్యను తీసుకుని వస్తా. హైదరాబాద్‌లో మీకంటే ముందుంటాం సార్" అన్నాడు.

తాయిఫ్ నుంచి జెద్దాకు దగ్గరి దారి మక్కా మీదుగా. ముస్లింలు కానివాళ్లు ఆ దారిన పోకూడదు, నాలాంటివాళ్లకు చుట్టూ తిరిగే రోడ్డు ఉంది. ఆమెకు అంతసేపు ప్రయాణం కష్టమని, నేను బస్సులో వస్తానన్నాను. ఆమె కారు వెనక సీట్లోంచే, "మాకు ఒక్క మాటా తెలియని దేశానికి నువ్వు మమ్మల్ని తీసుకెళ్తున్నావు, నిన్ను బస్సెక్కిస్తామా?" అంది. చుట్టుదారిలోనే వెళ్లాం.

విమానాశ్రయంలో పాస్‌పోర్టు చూసేచోట ముందు ఆమెది, కొడుకుది ముద్ర పడింది. నాది పడింది, ఇక తిరిగిరాని ఫైనల్ ఎగ్జిట్. ఉస్తాద్ పాస్‌పోర్టు దగ్గర కుర్ర అధికారి ఆగాడు. తెర మీద చూసి, మళ్లీ చూసి, మర్యాదగా లేచి నిలబడ్డాడు.

"పెద్దాయనా, మీ ప్రయాణం మీద కోర్టు నిలుపుదల ఉంది. అప్పు విషయం."

"నాకు అప్పు లేదు" అన్నాడు ఉస్తాద్.

"మీరు పూచీ ఉన్నారట."

ఆయన అక్కడే నిలబడి షావుకారుకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. మా వెనక వరస పెరిగిపోతోంది. చక్రాల కుర్చీలోంచి ఆమె, "నేనూ రాను, ఇంటికి పోదాం" అంది.

"ఆస్పత్రివాళ్లు రోజిచ్చారు. నువ్వు పద. నేను రెండు రోజుల్లో ఇది తేల్చుకుని నీ వెనకే వస్తాను."

ఆమె అబాయా కొస చక్రంలో చిక్కుకోబోతుంటే ఆయన వంగి దాన్ని ఆమె ఒళ్లోకి సర్దాడు. కొడుకు కుర్చీ తోసుకుంటూ వెళ్లాడు. మలుపు దగ్గర నేను వెనక్కి చూస్తే, పాస్‌పోర్టు తనిఖీ గీతకు అవతల ఆయన పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని నిలబడే ఉన్నాడు.

రెండు రోజుల్లో తేలే వ్యవహారం కాదది. బ్యాంకు ఖాతా కూడా ఆపేశారు. కంపెనీకి ఇవ్వాల్సింది, స్థలం యజమానికి ఇవ్వాల్సింది, రెండూ కలిసి ఆయన మీద పడ్డాయి. షావుకారు హోటలు మూసేశాడు. అతని మిగతా హోటళ్లు అప్పటికే వేరేవాళ్ల పేర్ల మీద ఉన్నాయి.

హైదరాబాద్‌లో ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. భాయ్ భార్య రాత్రింబగళ్లు ఆమె మంచం పక్కనే ఉంది. ఈమెకు అరబ్బీ రాదు, ఆమెకు తెలుగు రాదు. సైగలతోనే గడిచింది. ఒక మధ్యాహ్నం ఆస్పత్రి వరండాలో భాయ్ నాతో అన్నాడు, "ఆ తోట ఉన్నింటే అప్పు కట్టేసి ఈపొద్దు ఉస్తాద్ ఈడ ఉండేవాడు గదా సార్."

"నీకు రావాల్సింది నువ్వు అడిగినావు భాయ్."

"అడిగింది తప్పు కాదు సార్. మళ్లా ఆ కాగితం ముందర పెట్టినా నేను సంతకం పెట్టను. అయినా గుచ్చుకుంటాది."



నాలుగు రోజులు కోలుకున్నట్టే ఉండి, ఇన్‌ఫెక్షన్ వచ్చి, ఆమె పోయింది. కొడుకు ఫోన్‌లో తండ్రికి చెప్పలేక నా చేతికిచ్చాడు. నేను చెప్పాను. "ఆలస్యం చేయకండి. అక్కడే ఖననం చేయండి. నాకోసం ఆపకండి" అన్నాడు. అనుమతి కాగితాలకు తిరగాల్సింది తిరిగాం. ఆమెకు కడసారి స్నానం చేయించడానికి తనవాళ్లలో ఆడవాళ్లెవరూ లేరు. భాయ్ భార్యే చేయించింది.

ఆ అప్పు తీర్చడానికి ఉస్తాద్ ఇల్లు అమ్మాడు. కొడుకులు బ్యాంకులో అప్పు తెచ్చారు. నిలుపుదల ఎత్తేశారు. షావుకారు మీద కేసు నడుస్తోందని విన్నాను, అతను జెద్దాలో ఇంకా చికెన్ అమ్ముతున్నాడని కూడా విన్నాను. అతని దగ్గర నాకు రావలసింది ఇప్పటికీ రావలసిందే. అందుకే బాబూ, అమ్మేటప్పుడు ధర గురించి తర్వాత మాట్లాడుకోండి. మీరు ఎక్కడెక్కడ పూచీ పడ్డారో, వాళ్లలో ప్రతివాడి దగ్గరా మిమ్మల్ని వదిలేసినట్టు ముందు రాయించుకోండి. కొనేవాడు మీ ఇంట్లో కాఫీ తాగితే సంతోషం, తాగనివ్వండి.

ప్రయాణానికి దారి తెరుచుకున్నాక ఉస్తాద్ వచ్చాడు, చిన్నకొడుకుతో. హైదరాబాద్‌లో సమాధి దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. లేచాక, స్నానం చేయించినావిడను చూడాలన్నాడు. రైల్లో కడపకు, అక్కణ్ణుంచి కారులో రాయచోటికి తీసుకెళ్లాను. భాయ్ బజారు దగ్గర చిన్న టిఫిను అంగడి పెట్టుకున్నాడు, వెనకే ఇల్లు. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, భుజం మీద తువ్వాలుతో పక్కనే నిలబడ్డాడు. భాయ్ భార్య తలమీద కొంగు సర్దుకుని గడప దగ్గరికొచ్చింది.

ఉస్తాద్ నన్ను అడగమన్నాడు. "చివర్లో బాధపడిందా?"

నేను తెలుగులో అడిగాను.

"లేదన్నా. నిద్రపోయినట్టే ఉన్నింది. పొయ్యే ముందు దినం నన్ను తల దువ్వమని సైగ చేసినాది. దువ్వితే కండ్లు మూసుకున్నింది. స్నానం పోసినాక నేను ఆ జుట్టు మూడు పాయలు తీసి, మూడు జడలు అల్లి, వెనక్కి ఏసినానని చెప్పన్నా. నా అక్కకు చేసినట్టే చేసినానని చెప్పు."

నేను చెప్పడం మొదలుపెట్టి ఆగిపోయాను. రాయల్టీ, బకాయి, బదిలీ, పూచీ, వీటన్నిటికీ నాకు అరబ్బీ మాటలు వచ్చు. జడకు రాదు. అన్నేళ్లలో నాకక్కడ ఆ మాటతో పనిపడలేదు. ఉస్తాద్ నా ముఖంలోకి చూస్తున్నాడు. ఏం చేయాలో తోచక భాయ్ భుజం మీది తువ్వాలు అంచు పట్టుకుని, వేలాడుతున్న దారాలను మూడుగా విడదీసి అల్లి చూపించాను.

ఆయన చేయి చాపి ఆ చిన్న అల్లికను వేళ్ల మధ్య పట్టుకున్నాడు. తువ్వాలు ఇంకా భాయ్ భుజం మీదే ఉంది. ఉస్తాద్ దాన్ని వదిలేదాకా భాయ్ కదలకుండా అలాగే వంగి నిలబడ్డాడు.